లోపల ఉన్నారు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే చివరికొచ్చేసరికి మీరు నన్ను నమ్మేవాళ్లలో కలిపేస్తారని నాకు తెలుసు. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. తోటలో తెల్లచీర కనిపించిందని ఏ పిల్లాడైనా అంటే, ఎంత దూరంలో, వెలుగు ఎటునుంచి పడుతోంది, పక్కన ఎండిన అరటాకు ఉందా అని అడిగి, వాడి చేతే బోర్డు మీద బొమ్మ గీయించి, అది చీర కాదని వాడే ఒప్పుకునేదాకా వదలను.

మా విశ్వాసం కూడా ఇలాంటివాటికి చోటివ్వదు. చనిపోయినవాళ్లు విశ్రాంతిలో ఉంటారు, పిలుపు వచ్చేదాకా లేవరు అని చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్నాను. ఇప్పుడు అదే సండే స్కూల్లో నేనే నేర్పుతున్నాను. అంటే చదువు ప్రకారం చూసినా, ప్రార్థన ప్రకారం చూసినా మా ఇంట్లో జరిగింది జరగకూడదు.

పైగా జరిగింది పాడుబడ్డ బంగళాలోనో శ్మశానంలోనో కాదు. మా బాత్రూమ్‌లో. నలుగురిలో చెప్పుకోడానికి కూడా సిగ్గుగా ఉండే చోటు.

మాది అమలాపురం దగ్గర కాలువ పక్క ఊరు. ఇల్లు మా మామయ్యగారు కట్టించింది. ఆయన హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. మాట కరుకు, మనసు మెత్తన. రిటైరయ్యాక కొన్నాళ్లకి ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పూర్తిగా పోయింది. నడక మాత్రం కర్ర సాయంతో కొంత తిరిగి వచ్చింది. అప్పుడే వెనక వరండా చివరనున్న పాత దొడ్డి పడగొట్టించి, కుర్చీలా కూర్చునే కమోడు, దాని వెనక ఫ్లష్ ట్యాంకు పెట్టించి కొత్త బాత్రూమ్ కట్టించారు మావారు.

డాక్టరుగారు ఒక్కటే గట్టిగా చెప్పారు. పెద్దాయన లోపలికి వెళ్లినప్పుడు గడియ వేసుకోకూడదు. పడిపోతే తలుపు పగలగొట్టాల్సి వస్తుంది.

గడియ వేసుకోకపోతే ఇంకొకరు తోసుకొచ్చేస్తారు కదా. పెద్ద మనిషికి అంతకంటే నగుబాటు ఉందా? మాట రాదు, 'ఉన్నాను' అని చెప్పలేరు. అందుకని ఆయనే ఒక పద్ధతి పెట్టుకున్నారు. బయట అడుగుల చప్పుడు వినగానే ఎడమచేత్తో మగ్గు తీసుకుని స్టీలు బకెట్టు అంచు మీద కొట్టేవారు. రెండు దగ్గర దగ్గరగా, కాస్త ఆగి ఇంకొకటి. టక్ టక్... టక్. బడి గంట కొట్టించిన మనిషి కదా, ఆ లయ ఒక్కరోజు కూడా తప్పేది కాదు.

అది వినగానే మేం మాట్లాడకుండా వెనక్కి తిరిగేవాళ్లం. 'ఎవరండీ లోపల' అని కూడా అడిగేవాళ్లం కాదు. మాట రాని మనిషిని అలా అడగడం బాగుండదని అత్తయ్యగారు మొదటే చెప్పారు. చుట్టాలొచ్చినా ఈ సంగతి ముందే చెవిలో వేసేవాళ్లం. మగ్గు మోగితే వెనక్కి వచ్చెయ్యండి, అంతే. ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా ఏళ్ల తరబడి అలాగే నడిచింది. మా ఇంట్లో అదొక మర్యాద అయిపోయింది.

మామయ్యగారు పోయింది ఆసుపత్రిలో, జ్వరంతో. అందులో వింతేమీ లేదు. ఆయన పోయాక అందరం గడియ వేసుకోవడం మొదలుపెట్టాం. స్టీలు బకెట్టు బాత్రూమ్‌లో కనిపిస్తుంటే చూడలేకపోతున్నానని అత్తయ్యగారు దాన్ని పక్కింటివాళ్ల గేదెకి కుడితి పెట్టుకోడానికి ఇచ్చేశారు. ఆ స్థానంలో నీలం ప్లాస్టిక్ బకెట్టు వచ్చింది.

మరుసటి వేసవిలో చప్పుడు మొదలైంది.

నేనే మొదట విన్నాను. బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుందామని వెనక్కి వెళ్తుంటే, వేసి ఉన్న తలుపు వెనకనుంచి టక్ టక్... టక్. నేను వెనక్కి తిరిగి వంటింట్లోకి వచ్చేశాను కూడా. స్టవ్వు మీద పాలగిన్నె పెట్టాక గానీ నాకు తట్టలేదు, ఆయన లేరు కదా అని. వెళ్లి తలుపు తోశాను. ఎవరూ లేరు. ఫ్లష్ ట్యాంకులోకి నీళ్లు ఎక్కుతున్న చప్పుడు మాత్రం సన్నగా వినిపిస్తోంది.

నాకు భయం వెయ్యలేదు. ఒళ్లు మండింది. ట్యాంకు పాడైందని అప్పుడే అర్థమైంది. కానీ అప్పటికే మా అత్తయ్యగారు, మావారు కూడా వినేశారు. ఆ తలుపు దగ్గరికి వెళ్లేటప్పుడు మావారి నడక మారిపోయింది. అత్తయ్యగారి పద్ధతి వేరు. చప్పుడు వినగానే వరండాలో ఉన్న స్టూలు మీద కూర్చునేవారు. కొంగు సర్దుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరో బయటికి వచ్చేదాకా ఆగినట్టు ఆగేవారు. తర్వాత లేచి లోపలికి వెళ్లేవారు.

"అత్తయ్యగారూ, అది వాషరండీ. ట్యాంకు కారుతోంది" అన్నాను ఒకరోజు.

"నాకు తెలీదేంటమ్మా. వాషరే" అన్నారావిడ. "కాసేపు కూర్చుంటే మనదేం పోయింది?"

ఆ మాట నాకు నచ్చలేదు. వాషరని తెలిసి కూడా కూర్చోవడమేమిటి? ఆ రోజే పట్టు పట్టాను, సంగతి తేల్చెయ్యాలని.

ట్యాంకు మూత తీశాను. తెల్లబట్టలకి పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు ట్యాంకు నీళ్లలో వేసి, ఎవరినీ ఫ్లష్ కొట్టొద్దని చెప్పి కూర్చున్నాను. కొంతసేపటికి కమోడులోకి నీలం గీత దిగింది. అంటే ట్యాంకు అడుగున ఉండే రబ్బరు వాషరు కారుతోంది. నీళ్లు కొంచెం కొంచెంగా దిగిపోతుంటే లోపలున్న బంతి కిందికి వాలుతుంది. బంతి వాలితే నీళ్లొచ్చే కాక్ తెరుచుకుంటుంది. నిండగానే మూసుకుంటుంది. ఎవరూ ముట్టుకోకుండానే ట్యాంకు నిండుతున్నట్టు వినిపించేది అందుకే.

మరి టక్ టక్? దానికీ కారణం దొరికింది. వేసవిలో కాలువలకి నీళ్లు కట్టేశాక మేం బోరునీళ్లు వాడతాం. మావైపు బోరునీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ ఉప్పు కాక్‌లో పేరుకుని, అది నెమ్మదిగా మూసుకోకుండా కొట్టుకుంటూ మూసుకుంటోంది. అది కొట్టుకున్నప్పుడల్లా గోడ వెంట వచ్చే ఇనప గొట్టం అదిరి, దాన్ని గోడకి పట్టి ఉంచే వదులైన క్లాంపుకి తగులుతోంది. ఇనుము మీద ఇనుము. దూరం నుంచి వింటే బకెట్టు మీద మగ్గు కొట్టినట్టే ఉంది.

మావారు ఒక్క ప్రశ్న అడిగారు.

"మనం తలుపు దగ్గరికి వెళ్లినప్పుడే ఎందుకు మోగుతోంది?"

"రోజంతా మోగుతూనే ఉంటుందండీ. మనం వెళ్లినప్పుడు మోగినవే మనకు గుర్తుంటాయి" అన్నాను. క్లాసులో ఇలాంటి జవాబు చెప్పాక పిల్లలు తలలూపుతారు. ఆయన ఊపలేదు.

సత్తిబాబు అని మా ఊరి ప్లంబరు. చెయ్యి మంచిదే గానీ నోటికి ఆనకట్ట లేదు, చెప్పిన రోజుకి రాడు. నాలుగైదు ఫోన్లు చేయించుకుని వచ్చాడు. మొదట నేను చెప్పింది వినకుండా అడుగు వాషరొక్కటే మార్చి వెళ్లిపోయాడు. కారడం తగ్గింది గానీ ఫ్లష్ కొట్టినప్పుడల్లా టక్ టక్ ఉండనే ఉంది. మళ్లీ పిలిచాను.

"టీచరుగారండీ, ఉప్పునీళ్లకి కాక్ మొత్తం పోయిందండి. అదే మార్చేద్దావండి."

"మొదటిరోజే చెప్పాను కదా సత్తిబాబూ."

"ఆయ్, చెప్పేరండి. నేనే వినలేదండి" అని నవ్వేశాడు.

ఈసారి కాక్ మొత్తం మార్చాడు. గోడకి కొత్త క్లాంపులు కొట్టి, గొట్టానికీ క్లాంపుకీ మధ్య సైకిల్ ట్యూబు ముక్కలు కత్తిరించి దూర్చాడు. నేను మళ్లీ నీలిమందు వేసి చూశాను. చుక్క దిగలేదు. మావారి చేత వరుసగా ఫ్లష్ కొట్టించి వరండాలో నిలబడి విన్నాను. నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు చాలా గర్వంగా అనిపించింది. తర్వాతి వారం తొమ్మిదో తరగతిలో ఇదంతా పాఠంలా చెప్పాను కూడా.

అత్తయ్యగారు "మంచి పని చేసేవమ్మా" అన్నారు. ఆ తర్వాత ఆవిడ స్టూలు మీద కూర్చోవడం మానేశారు. తిన్నగా లోపలికి వెళ్లి, గడియ వేసుకుని, పని చూసుకుని వచ్చేసేవారు. స్టూలు వంటింట్లోకి తెచ్చి దానిమీద ఉల్లిపాయల బుట్ట పెట్టుకున్నాం. ఒకసారి ఆవిడ తనలో తాను అనుకున్నట్టుగా, "ఇంకెవరికోసం ఆగాలిలే" అనడం విన్నాను. ఆ కాస్సేపు కూర్చోవడమే ఆవిడకి రోజులో మిగిలిన తోడని నాకు అప్పుడు తట్టలేదు. ఇప్పుడు తట్టి ఏం లాభం?

చాలా నెలలు నిశ్శబ్దంగా గడిచిపోయాయి. మేం ఆ చప్పుడు సంగతే మర్చిపోయాం.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ముగ్గురం ఇంటికొచ్చి భోజనాలు చేశాం. అత్తయ్యగారు కొంచెమే తిన్నారు. తల బరువుగా ఉంది, పడుకుంటానని గదిలోకి వెళ్లారు. మావారు పేపరు పట్టుకుని వెనక వరండాలోకి, బాత్రూమ్ వైపు వెళ్లి, వెంటనే వెనక్కి వచ్చేశారు.

"లోపల ఉన్నారు" అన్నారు.

నేను పెరుగు గిన్నె ఫ్రిజ్‌లో పెడుతూ ఊఁ అన్నాను. ఆయన కూర్చుని పేపరు తెరిచారు. గిన్నెలు కడగడం అయ్యాక నేను వెళ్లాను. వరండా సగం దాటేసరికి తలుపు వెనకనుంచి వచ్చింది. టక్ టక్... టక్. మెల్లగా, శుభ్రంగా, ఏళ్ల తరబడి విన్నట్టే. నేను తిరిగి వచ్చేశాను.

"ఇంకా రాలేదండీ" అని చెప్పి చేతులు తుడుచుకుని ఆయన పక్కన కూర్చున్నాను.

ఇక్కడే నా బుర్ర పనిచెయ్యలేదు. నేనూ ఆయనా, మతి ఉన్న ఇద్దరం, ఎదురెదురుగా కాదు, పక్కపక్కనే కూర్చుని ఉన్నాం. ఆ చప్పుడు మా ఇంట్లోంచి ఎప్పుడో పోయిందని ఒక్కరికీ అనిపించలేదు. భయపడి ఉంటే పరిగెత్తేవాళ్లం. అనుమానపడి ఉంటే వెళ్లి చూసేవాళ్లం. మాకు ఏదీ కలగలేదు. మర్యాదగా కూర్చున్నాం. పక్కవీధిలో పెళ్లి గురించి, దానికి ఏం పెట్టాలన్నదాని గురించి మాట్లాడుకున్నాం కూడా.

ఎంతసేపు కూర్చున్నామో నేను రాయను. రాయలేను.

మాటల మధ్యలో ఉన్నట్టుండి నాకు అనిపించింది, అత్తయ్యగారు మగ్గు కొట్టరు కదా. ఆవిడ ఎప్పుడూ కొట్టలేదు. ఆవిడ గడియ వేసుకుంటారు.

లేచి పరిగెత్తాను. తలుపుకి గడియ లేదు, దగ్గరికి వేసి ఉంది, అంతే. తోస్తే తెరుచుకుంది. అత్తయ్యగారు కమోడుకీ గోడకీ మధ్య ఒక పక్కకి పడి ఉన్నారు. కుడిచెయ్యి ఒంటి కింద ఉంది, ఎడమచెయ్యి మొహం దగ్గర ఉంది. ప్లాస్టిక్ బకెట్టు కుళాయి కింద ఎప్పుడూ ఉండే చోటే ఉంది. మగ్గు గోడ మేకుకి తగిలించి ఉంది. నేల పొడిగా ఉంది. మావారు ఆవిణ్ని ఎత్తుతుంటే నేను ఇవన్నీ ఎందుకు చూశానో తెలియదు. చూశాను, మర్చిపోలేదు.

పక్కింటివాళ్ల కారులో అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లాం. పడి ఎంతసేపైందని డాక్టరుగారు అడిగారు. మావారు నావైపు చూశారు. నేను గోడ గడియారం వైపు చూశాను. తలలో నరం చిట్లిందని, పడినప్పటినుంచే స్పృహ ఉండి ఉండదని, చెయ్యి కదిపే అవకాశమే లేదని డాక్టరుగారు చెప్పారు. ఇంకా కాస్త ముందు తెచ్చుంటే ప్రయత్నం చేసేవాళ్లమని కూడా అన్నారు. ఆ మాట ఆయన మెత్తగానే అన్నారు. దాని బరువు మాకు తెలుసు.

అత్తయ్యగారు మళ్లీ కళ్లు తెరవలేదు. కొద్దిరోజులకి అక్కడే పోయారు. మామయ్యగారి సమాధి పక్కనే పెట్టాం.

సమాధి అయ్యాక జరిగిన ఆదరణ కూడికలో ఊరంతా ఆవిడ గురించి మంచి మాటలు చెప్పారు. మావారు లేచి కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నారు. అందరూ వెళ్లాక, షామియానా కింద కుర్చీలు ఒకదానిమీద ఒకటి పెడుతూ నన్ను అడిగారు.

"రూతూ, ఆ రోజు నువ్వు కూడా విన్నావు కదా?"

లేదంటే ఆయన ఒక్కరే అయిపోతారు. "విన్నానండీ" అన్నాను.

"నాన్నగారే అయితే, రావద్దన్నట్టు ఎందుకు కొట్టేరు? అమ్మ అక్కడ పడి ఉంటే మనల్ని ఎందుకు వెనక్కి పంపేసేరు?"

జవాబు చెప్పడం నా ఉద్యోగం. ఆ రోజు నేనూ ఒక కుర్చీ తీసి ఆయన పెట్టినదాని మీద పెట్టాను.

ఆ మర్నాడు మళ్లీ ట్యాంకు మూత తీశాను. మొదటిసారి చూసినప్పుడు, అది ట్యాంకు చప్పుడే తప్ప ఇంకేం కాదని అందరికీ చూపించాలని చూశాను. ఈసారి, దేవుడా అది ట్యాంకు చప్పుడే అవ్వాలని చూశాను. ట్యాంకుదే అయితే అది మమ్మల్ని ఆపినట్టు కాదు, పిలిచినట్టూ కాదు. పాడైన సామాను మోగింది, మేం పొరబడ్డాం. ఆ పాటి తప్పుతో మావారు బతకగలరు.

నీలిమందు వేశాను. చుక్క దిగలేదు. ఫ్లష్ కొట్టి కొట్టి చూశాను. గొట్టం అంగుళం కదల్లేదు. రబ్బరు ముక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

సత్తిబాబుని పిలిచాను. క్లాంపులు వదులు చెయ్యమన్నాను, రబ్బరు తీసెయ్యమన్నాను, ఎక్కడైనా ఉప్పు పట్టిన పాత కాక్ ఉంటే తెచ్చి బిగించమన్నాను.

"బాగుచెయ్యమని పిలుస్తారు గానండీ, పాడుచెయ్యమని ఎవరూ పిలవలేదండి ఇంతవరకూ" అన్నాడు. తర్వాత నా మొహం చూసి, స్పానరు తీశాడు. అతను అంతసేపు మాట్లాడకుండా పని చెయ్యడం నేను అప్పుడే చూశాను.

చప్పుడు వచ్చింది. గొట్టం అదిరి క్లాంపుకి కొట్టుకుంది. మావారిని వరండాలో నిలబెట్టి వినమన్నాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. నేను మళ్లీ ఫ్లష్ కొట్టాను, మళ్లీ విన్నారు.

"ఇది ఆ వేసవిలో వచ్చిన చప్పుడు. ఆ ఆదివారంది ఇది కాదు" అన్నారు.

ఆయన చెప్పక ముందే నాకు తెలుసు. ఇది ఇనుము మీద ఇనుము, గోడలోంచి వస్తోంది, మొరటుగా ఉంది. ఆ రోజు మేం విన్నది నేల మీది బకెట్టు అంచు. పల్చటి స్టీలు. ఆ బకెట్టు ఎప్పటినుంచో పక్కింటి గేదెల పాకలో ఉంది, కుడితితో నిండి. వెళ్లి చూశాను కూడా.

సత్తిబాబు చేత మళ్లీ అన్నీ బిగించేశాను. ఆ తర్వాత ఇంతవరకూ ఆ బాత్రూమ్‌లో ఏ చప్పుడూ లేదు.

దీనికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియదు. ఇద్దరికీ ఒకేసారి పాత జ్ఞాపకం చెవిలో మోగిందని ఒక సైకాలజీ లెక్చరరుగారు చెప్పారు. కావచ్చు. కానీ ఆయన ఆ చప్పుడు వినలేదు. పాస్టరుగారితో చెప్పుకోవాలని రెండుసార్లు వెళ్లి, వేరే మాటలు మాట్లాడి వచ్చేశాను.

నా మటుకు నేను ఒక్కటి అనుకుంటాను, అదీ నమ్మకంతో కాదు. మాట పోయాక మామయ్యగారి దగ్గర మిగిలింది ఆ ఒక్క చప్పుడు. రావద్దని చెప్పాలన్నా అదే, రమ్మని చెప్పాలన్నా అదే. ఆయనకి ఇంకొకటి రాదు. మేం దానికి ఒక్క అర్థమే నేర్చుకున్నాం, అదీ చాలా బాగా నేర్చుకున్నాం. ఆయన పిలుస్తున్నకొద్దీ మేం మర్యాదగా దూరంగా కూర్చున్నామేమో. ఈ మాట మావారితో ఇంతవరకూ అనలేదు. అంటే ఆయనకి ఊరటో, ఇంకా కష్టమో నాకు తేలడం లేదు.

ఇప్పుడు ఆయన బాత్రూమ్ తలుపు ముందు నిలబడి గట్టిగా అడుగుతారు, "లోపల ఎవరండీ? బాగానే ఉన్నారా?" అని. చుట్టాలు లోపలున్నప్పుడు సిగ్గుపడతారు గానీ జవాబిస్తారు. నేనున్నా జవాబిస్తాను.

ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు, నేను ఎదురుగా కూరగాయలు తరుగుతూ కనిపిస్తున్నప్పుడు కూడా ఆయన అడుగుతారు. అడిగి, చెయ్యి తలుపు మీద పెట్టి కాసేపు ఆగుతారు. నేను తలెత్తను. ఆ తర్వాత తలుపు తోసుకుని లోపలికి వెళ్తారు.